వాంట్, విష్, ఇంటెండ్, వాంటెడ్‌గా: మనసులో మాటకు ఏ ఇంగ్లిష్ పదం వాడాలి?

“వెళ్దామనుకుంటున్నాను.” ఈ ఒక్క మాటతో మనం ఎంత పని చేయించుకుంటామో! సంక్రాంతికి ఊరికి టికెట్ బుక్ చేసుకున్నవాడూ ఇదే అంటాడు. సెలవు దొరుకుతుందో లేదో తెలియనివాడూ ఇదే అంటాడు. ఈ ఏడు కూడా వెళ్లేది లేదని లోపల తెలిసి, అమ్మ బాధపడకూడదని ఫోన్‌లో చెప్పేవాడూ ఇదే అంటాడు. వినేవాళ్లు గొంతును బట్టి, మనిషిని బట్టి ఎంత నమ్మాలో అంత నమ్ముతారు.

ఇంగ్లిష్‌లో, ముఖ్యంగా రాతలో, ఆ వెసులుబాటు తక్కువ. మెయిల్‌లో, వీసా ఫారంలో, అగ్రిమెంట్‌లో గొంతు వినపడదు. మీరు ఏ క్రియ వాడారో దాన్ని బట్టే మీ మాట ఎంత గట్టిదో లెక్కేస్తారు. వాంట్, విష్, హోప్, ప్లాన్, ఇంటెండ్, డిసైడ్ అన్నీ ‘అనుకోవడమే’ కదా అని ఏదో ఒకటి వేసేస్తే తేడా కొట్టేది అక్కడే.

డిక్షనరీ చూసి వీటిలో ఒకటి ఎంచుకోవడం కష్టం. ఒకదాని అర్థం కింద ఇంకొకటి ఉంటుంది, దాని అర్థం కింద మొదటిదే ఉంటుంది. నేను వాడే గీటురాయి వేరు. రేపు ఆ పని జరగకపోతే “ఏమైంది?” అని నిలదీసే హక్కు ఎదుటివాళ్లకు ఎంత ఇస్తున్నాం? అసలు ఇవ్వని చోట విష్. కొంచెం ఇచ్చిన చోట ప్లాన్. బాగానే ఇచ్చిన చోట ఇంటెండ్, ఇంకా గట్టిగా ఇచ్చిన చోట డిసైడెడ్. పూర్తిగా మాట ఇచ్చేసిన చోట విల్. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ముప్పాతిక వంతు సందేహాలు తీరిపోతాయి. మిగతా పావు వంతు కోసమే ఈ వ్యాసం.

ఇంకా కోరికగానే ఉన్నప్పుడు

వాంట్ అనే మాట, పాత నార్స్ భాషలో ‘లేకపోవడం’ అనే అర్థమున్న మాట నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. కోర్టు తీర్పుల్లో “ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్” అని కనబడితే ‘సాక్ష్యం లేక’ అని అర్థం. లేనిదాన్ని ఇమ్మనడం కాబట్టి వాంట్‌లో సూటిదనం ఉంటుంది, కాస్త పసిపిల్లల పట్టు కూడా ఉంటుంది. ఇంట్లో, స్నేహితుల దగ్గర అది బాగానే ఉంటుంది.

చిక్కంతా ఆఫీసు మెయిల్‌లో. “ఐ వాంట్ లీవ్ ఆన్ ఫ్రైడే” అని రాసినవాళ్ల మనసులో ఉన్నది “శుక్రవారం సెలవు కావాలండీ” అన్న వినయమైన మాటే. ‘కావాలి’ ఇంగ్లిష్‌లోకి దాటింది, ‘అండీ’ ఇవతలి గట్టునే ఉండిపోయింది. చదివే మేనేజర్‌కు “నాకు శుక్రవారం సెలవు కావాలి, అంతే” అన్నట్టు వినబడుతుంది. ముందు సర్ తగిలించినా వాంట్ మెత్తబడదు. ఇంగ్లిష్‌లో ఆ మర్యాదను క్రియే మోయాలి: “ఐ వుడ్ లైక్ టు టేక్ లీవ్ ఆన్ ఫ్రైడే.” హోటల్లో కాఫీ అడిగినా అంతే. “ఐ వాంట్ ఎ కాఫీ” అంటే కాఫీ వస్తుంది గానీ, లండన్‌లో అయితే తెచ్చేవాళ్ల ముఖం కాస్త ముడుచుకుంటుంది. “కుడ్ ఐ హ్యావ్ ఎ కాఫీ?” అంటే సరిపోతుంది.

ఇదే వుడ్ లైక్ పైనుంచి కిందికి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. “ఐ వుడ్ లైక్ యు టు ఫినిష్ దిస్ టుడే” అని బాస్ అంటే అది ఆయన కోరిక కాదు, ఆర్డరే. కొత్తగా చేరిన పిల్లలు “వీలైతే చేయమన్నారు” అనుకుని సాయంత్రం బ్యాగ్ సర్దేసుకుంటారు. మర్నాడు టెన్షన్.

ఎదుటివాళ్లు ఏదైనా చేయాలని మనకున్నప్పుడు మన వ్యాకరణం ఇంగ్లిష్‌లోకి చొరబడుతుంది. ‘నువ్వు రావాలని నాకుంది’లోని ‘అని’ని వదలలేక “ఐ వాంట్ దట్ యు షుడ్ కమ్” అంటాం. వాంట్ తర్వాత దట్ రాదు. “ఐ వాంట్ యు టు కమ్” అంటే చాలు. అలాగే “ఐ యామ్ వాంటింగ్” కూడా మామూలుగా అనరు; ఇప్పుడే, ఈ నిమిషమే కావాల్సి ఉన్నా “ఐ వాంట్” అనే అంటారు.

విష్, హోప్ రెండూ మనకు ‘ఆశ’గానే కనబడతాయి. కానీ జరిగే అవకాశం ఉన్నదానికి హోప్, జరగనిదానికో చేయి దాటిపోయినదానికో విష్. “ఐ హోప్ యు గెట్ ది జాబ్” అంటే ఇంటర్వ్యూ ఫలితం ఇంకా రాలేదని. “ఐ విష్ యు హ్యాడ్ గాట్ ది జాబ్” అంటే రాలేదు, పాపం అని. ఇంటర్వ్యూకి వెళ్తున్న మేనల్లుడికి “ఐ విష్ యు విల్ గెట్ ది జాబ్” అని మెసేజ్ పెట్టడం మనవాళ్లలో బాగా కనబడుతుంది. అది రెండింటికీ మధ్యలో ఇరుక్కుంటుంది. విష్ కావాలంటే “ఐ విష్ యు ఆల్ ది బెస్ట్” అనండి. విష్ తర్వాత నేరుగా మనిషి, ఆ వెంటనే మంచి మాట. పూర్తి వాక్యం కావాలంటే హోప్‌కు వెళ్లండి.

“ఐ విష్ టు ఇన్‌ఫార్మ్ యు” లాంటి విష్ ఇంకో రకం. ఇందులో ఆశ ఏమీ లేదు, వాంట్‌కు వేసిన కోటు అది. రాజీనామా లేఖలో, బ్యాంకుకు రాసే అర్జీలో పనికొస్తుంది. తోటి ఉద్యోగికి చాట్‌లో “ఐ విష్ టు ఆస్క్ యు” అని పెడితే అవతలివాళ్లు ఏదో గొడవ అనుకుంటారు.

ఇక డిజైర్. మామూలు మాటల్లో దీన్ని పక్కన పెట్టేయమనే చెబుతాను. “ఐ డిజైర్ టు జాయిన్ యువర్ కంపెనీ” అంటే పాత సినిమా డైలాగులా ఉంటుంది. మనుషుల మధ్య వాడితే శారీరకమైన కోరిక అనే అర్థం ముందుకొస్తుంది. “డిజైర్డ్ రిజల్ట్” లాంటి జంట పదాల్లో అయితే ఇబ్బంది లేదు. కానీ మన ప్రభుత్వ ఫైళ్లలో దీనికి ఇంకో బతుకుంది. “యాజ్ డిజైర్డ్ బై ది కలెక్టర్, ది రిపోర్ట్ మే బి సబ్మిటెడ్” అని నోట్ వస్తే అక్కడ కలెక్టర్ గారు మనసులో ఏదో కోరుకుంటున్నారని కాదు. పంపమన్నారు, పంపాలి. ఈ దేశపు సెక్రటేరియట్లలో ఎవరూ ఆజ్ఞాపించరు, అందరూ ‘కోరుకుంటారు’. ఆ ఫైల్ భాష తెలియనివాళ్లకు ఇలాంటి వాక్యం పంపితే అర్థం కాదు, కాబట్టి ఆఫీసు గోడ దాటనివ్వకండి.

కోరిక దాటి ఉద్దేశం దాకా వచ్చాక

ఇంకా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు “ఐ యామ్ థింకింగ్ ఆఫ్ గోయింగ్.” కొంచెం బరువైన విషయమైతే, అంటే ఉద్యోగం మారడమో ఇల్లు కొనడమో అయితే, కన్సిడరింగ్. “ఐ థాట్ ఆఫ్ గోయింగ్” అని భూతకాలంలో పెడితే వెళ్లలేదనే అర్థం వస్తుంది. వెళ్లే ఆలోచన ఇంకా ఉంటే అలా అనకండి.

ప్లాన్ అన్నారంటే అడుగులు కొన్ని పడ్డాయని. డబ్బు లెక్క చూసుకున్నారు, తేదీలు అనుకున్నారు. ఇంటెండ్‌కు అడుగులు పడక్కర్లేదు, మనసు స్థిరపడితే చాలు. ఈ తేడా నాకు బాగా కనబడేది అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో. “హ్యావ్ యు మేడ్ స్పెసిఫిక్ ట్రావెల్ ప్లాన్స్?” అని ముందు అడుగుతుంది. అవునంటే తేదీలూ విమానం వివరాలూ ఇవ్వాలి. లేదంటే వదిలేయదు, “ఇంటెండెడ్ డేట్ ఆఫ్ అరైవల్” అడుగుతుంది. ప్లాన్ లేకపోవచ్చు, ఇంటెన్షన్ అయినా ఉండాలి కదా అన్నది ఆ ఫారం లెక్క. ప్లాన్స్‌కు అవునని చెప్పేసి టికెట్ ఇంకా కొనలేదని తర్వాత తల పట్టుకునేవాళ్లు ఈ రెండు పదాల మధ్య గీతను గమనించనివాళ్లే.

అసలు ఇంటెంట్ అనే మాట మీద తెలుగు కుటుంబాల్లో ఇంత చర్చ జరగడానికి కారణం కూడా ఆ వీసాయే. అమెరికా వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. విద్యార్థి వీసాకో, విజిటర్ వీసాకో వచ్చిన ప్రతి మనిషినీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడిగానే ముందు భావించాలని, కాదని నిరూపించుకోవాల్సింది ఆ మనిషేనని అది చెబుతుంది. ఎఫ్-1 అనే ఆ విద్యార్థి వీసా నిర్వచనంలో ఉండే మాట “నో ఇంటెన్షన్ ఆఫ్ అబాండనింగ్”. సొంత దేశంలో ఉన్న నివాసాన్ని వదిలేసే ఉద్దేశం లేనివాళ్లు అని. చట్టం అక్కడ డిజైర్ అనలేదు, విష్ అనలేదు. అమెరికా నచ్చడం, అక్కడ బతకాలని మనసులో ఉండడం కోరిక. కోరిక ఉన్నంత మాత్రాన తప్పు కాదు. తిరిగి రాకూడదని తేల్చుకుని బయల్దేరడం ఇంటెన్షన్.

అందుకే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ దగ్గర “చదువయ్యాక ఏం చేస్తావ్?” అన్న ప్రశ్నకు “ఐ విష్ టు కమ్ బ్యాక్” అన్న జవాబు బలహీనంగా ఉంటుంది. రావాలనే ఉంది గానీ అన్నట్టు, వెనక ఒక నిట్టూర్పు వినబడుతుంది. “ఐ హోప్ టు” అన్నా నిర్ణయం ఇంకెవరి చేతిలోనో ఉన్నట్టే. నిజంగా వచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు “ఐ ప్లాన్ టు” అని, ఆ వెంటనే ఏ పని, ఏ ఊరు అన్నది ఒక్క వాక్యంలో చెబితే మాటకు కాళ్లుంటాయి. ఉద్దేశం లేకుండా పదం ఒక్కటే కంఠస్థం పట్టడం వల్ల లాభం లేదు. ఆఫీసర్ చూసేది మొత్తం పరిస్థితిని. పైగా అబద్ధం చెప్పి దొరికితే ఆ మచ్చ జీవితాంతం వెంటపడుతుంది.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకిచ్చే హెచ్-1బి, ఎల్-1 వీసాలకు ఈ గొడవ లేదు. 1990 నాటి చట్టం నుంచి వాటికి డ్యూయల్ ఇంటెంట్ ఒప్పుకుంటున్నారు: తాత్కాలికంగా పనిచేసే ఉద్దేశం, గ్రీన్‌కార్డు తీసుకునే ఉద్దేశం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. స్టూడెంట్ వీసాకు 2024 మార్చి 23 దాకా ‘జెన్యూన్ టెంపరరీ ఎంట్రంట్’ అని, అంటే తాత్కాలికంగానే వస్తున్నానని చూపించమనేవారు; ఆ తేదీ నుంచి ‘జెన్యూన్ స్టూడెంట్’ అని మార్చారు. తర్వాత ఉండిపోతావా అన్న ప్రశ్న బరువు తగ్గి, నిజంగా చదవడానికేనా అన్నది పైకి వచ్చింది. కన్సల్టెన్సీలు ఇచ్చే పాత నమూనా లేఖలు అలాగే దించేస్తే ఈ మార్పు మిస్సవుతుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లలోనూ ఇదే మాట ఇంకో వేషంలో కనబడుతుంది. లెటర్ ఆఫ్ ఇంటెంట్ చేతికి రాగానే ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. పంచుకోండి, కానీ ఆ కాగితం మీద ఉన్న మాట ఇంటెంట్. తీసుకునే ఉద్దేశం ఉందని కంపెనీ చెప్పింది, తీసుకుంటున్నామని చెప్పలేదు. జాయినింగ్ తేదీ, జీతం, షరతులు ఉండే ఆఫర్ లెటర్ వేరు. ఎల్ఓఐ వచ్చి ఆఫర్ లెటర్ కోసం నెలల తరబడి మెయిల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న పిల్లలను అడిగితే ఇంటెండ్‌కూ విల్‌కూ తేడా ఏ టీచర్ కన్నా బాగా చెబుతారు.

విల్, గోయింగ్ టు మధ్య తేడా స్కూల్లో చెప్పినదే: అప్పటికప్పుడు అనుకున్నదానికి విల్, ముందే అనుకున్నదానికి గోయింగ్ టు. కాలింగ్ బెల్ మోగింది, “ఐ విల్ గెట్ ఇట్”. వచ్చే నెల ఇల్లు మారుతున్నాం, “వియ్ ఆర్ గోయింగ్ టు మూవ్”. స్కూల్లో చెప్పనిది ఏంటంటే, ఆఫీసు మెయిల్‌లో విల్ అంటే మాట ఇచ్చినట్టే. “ఐ విల్ సెండ్ ఇట్ బై ఫైవ్” అని రాస్తే ఐదూ ఐదుకు ఫోన్ వస్తుంది. అంత ఖాయం కాకపోతే “ఐ ఎక్స్‌పెక్ట్ టు సెండ్ ఇట్ బై ఫైవ్” అనండి. “ఐ విల్ ట్రై” వద్దు. మనకది ‘చూద్దాం’, అంటే సగం సగం మర్యాదగా ‘కాదు’ అని చెప్పడం. అమెరికన్ క్లయింట్ దాన్ని ‘అవును, కష్టపడి అయినా చేస్తా’ అని రాసుకుంటాడు.

ఉద్దేశమూ విల్ ఒకే చోట కలిసే కాగితం వీలునామా. అందులో ‘వీలు’ ఈ విల్లే. 1925 నాటి భారత వారసత్వ చట్టం దాన్ని నిర్వచిస్తూ, తన ఆస్తి విషయంలో మనిషి ‘ఇంటెన్షన్’ను చట్టప్రకారం ప్రకటించడం అంటుంది, దాన్ని తన మరణం తర్వాత అమలు చేయాలని ఆ మనిషి ‘డిజైర్’ చేస్తాడు అంటుంది. ఒకే వాక్యంలో రెండు పదాలు, రెండూ సరిగ్గా కుదిరాయి. ఎవరికి ఏమివ్వాలన్నది తేల్చాల్సింది ఆయనే, అది ఇంటెన్షన్. అమలు చేయడానికి ఆయన ఉండడు, కాబట్టి అక్కడ కోరుకోవడమే.

రోజూ మాట్లాడే ఇంగ్లిష్‌లో ఇంటెండ్ కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది. దాని బదులు మీన్ టు చక్కగా పనిచేస్తుంది, మనవాళ్లు ఎందుకో అంతగా వాడరు. ‘ఎన్నాళ్ల నుంచో నీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా’కు “ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు కాల్ యు” అచ్చంగా సరిపోతుంది. అందులో చేయలేదన్న చిన్న సిగ్గు కూడా ఉంటుంది. ‘ఇప్పుడే నీకు చేద్దామనుకుంటున్నా, నువ్వే చేశావ్’ అయితే “ఐ వాజ్ జస్ట్ గోయింగ్ టు కాల్ యు”. నిజంగానే అనుకున్నారా అని ఎవరూ అడగరు.

సిద్ధమే, కానీ మోజు లేదు

విల్లింగ్‌ను ఇంట్రెస్టెడ్ అనుకోవడం వల్ల చాలామంది నైట్ షిఫ్టుల్లో పడ్డారు. “ఆర్ యు విల్లింగ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్?” అంటే నైట్ షిఫ్ట్ ఇష్టమా అని కాదు, వేస్తే కాదనకుండా చేస్తావా అని. ఒకసారి విల్లింగ్ అని ఫారంలో టిక్ పెడితే తర్వాత “నాకు ఇష్టం లేదు” అనడానికి దారి ఉండదు. ఇష్టం గురించి మీరు ఏమీ చెప్పలేదు మరి. ఇష్టంగా కోరుకుంటున్నామని చెప్పాలంటే కీన్, ఈగర్. రిలక్టెంట్ అంటే మొహమాటంగా, మనసు లేకుండానే ఒప్పుకోవడం. ట్రాన్స్‌ఫర్ల సీజన్‌లో ‘విల్లింగ్‌నెస్’ అడిగే సర్క్యులర్ వస్తే ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టండి.

నాలుగింటిలో ఒకటి పట్టుకునేటప్పుడు

చూజ్‌కు ఎదురుగా కనీసం రెండు ఉండాలి. డిసైడ్‌కు అక్కర్లేదు, వెళ్లాలా వద్దా అన్నది కూడా డిసైడ్ చేస్తాం. డిసైడ్‌కు మూలమైన లాటిన్ మాటకు కోసేయడం అని అర్థం, ఇక అక్కడితో తర్జనభర్జన తెగిపోయిందని. ఆప్ట్ కొంచెం కాగితాల భాష: స్కీముల్లో, కోర్సుల్లో, పెన్షన్ ఫారాల్లో. నామవాచకం ముందు “ఆప్ట్ ఫర్”, క్రియ ముందు “ఆప్ట్ టు”. కూర కొనేటప్పుడు “ఐ ఆప్టెడ్ ఫర్ వంకాయ” అంటే నవ్వొస్తుంది, అక్కడ పిక్ చాలు. సెలెక్ట్ అంటే ఒక లెక్క ప్రకారం, కొలిచి చూసి ఏరడం. జట్టుకు ఆటగాళ్లను సెలెక్ట్ చేస్తారు.

ప్రిఫర్‌ను మాత్రం ఎంపికగా వాడకండి. అది మొగ్గు మాత్రమే. “ఐ ప్రిఫర్ కంప్యూటర్స్” అన్నవాడు చివరికి సివిల్‌లో చేరి ఉండవచ్చు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన ప్రతి ఇంటికీ ఇది తెలిసిన సంగతే: మీరు పెట్టే జాబితా ప్రిఫరెన్స్‌ల వరస. సీటు ఇచ్చేది ర్యాంకు. ఐఐటీ, ఎన్‌ఐటీల జోసా కౌన్సెలింగ్‌లో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఫ్రీజ్ అంటే డిసైడెడ్, ఇదే చాలు. ఫ్లోట్ అంటే ఈ సీటు తీసుకుంటా, కానీ పైన రాసుకున్నది ఏ కాలేజీలో వచ్చినా మారడానికి విల్లింగ్. స్లైడ్ అంటే కాలేజీ మారను, అదే కాలేజీలో పై బ్రాంచి వస్తే మారతా. మనసు ఎంత తేలిందో మూడు బటన్లలో పెట్టారు.

ఒక చిన్న వ్యాకరణం. “ఐ ప్రిఫర్ టీ దాన్ కాఫీ” కాదు, “టీ టు కాఫీ”. దాన్ వాడాలని అంత ఇదిగా ఉంటే “ఐ వుడ్ రాదర్ హ్యావ్ టీ దాన్ కాఫీ” అనుకోవచ్చు.

కావాలనే చేశాడు

ఇక్కడికొస్తే ముందు వాంటెడ్‌గా సంగతి తేల్చాలి. “వాడు వాంటెడ్‌గా చేశాడు” అన్నది ఇప్పుడు తెలుగే. ‘కావాలని’ని వాంట్‌తో కొలిచి మనమే కుట్టుకున్న మాట, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. దాన్నుంచి పుట్టిన ‘వాంటెడ్లీ’ దక్షిణాదిలో తమిళులూ కన్నడిగులూ కూడా వాడతారు. మనలో మనం ఎంతైనా అనుకోవచ్చు. కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో “హి డిడ్ ఇట్ వాంటెడ్లీ” అంటే వినేవాళ్లు ఆగిపోతారు. వాంటెడ్ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది పోలీసులు వెతుకుతున్న మనిషి ఫొటో. హెచ్‌ఆర్‌కు పెట్టే ఫిర్యాదులో, లాయర్ నోటీసులో ఆ మాట ఉంటే ఫిర్యాదు బరువే తగ్గిపోతుంది.

దాని బదులు ఏది? ఆఫీసు వాట్సాప్ గ్రూప్‌లోంచి మిమ్మల్ని ఒకాయన తీసేశాడనుకుందాం. “హి రిమూవ్డ్ మి ఆన్ పర్పస్” అంటే వేలు జారి కాదు, తీయాలనే తీశాడని. మాట్లాడేటప్పుడు ఇదే సహజం, వాంటెడ్‌గాకు అన్నింటికన్నా దగ్గర. “డెలిబరేట్లీ” అంటే ముందు ఆలోచించాడు, మీకు గుచ్చుకుంటుందని తెలిసీ చేశాడు. తూచి చూడడం అన్న భావం ఆ మాట మూలంలోనే ఉంది. అందుకే ఎవరైనా నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడితే “షి స్పోక్ డెలిబరేట్లీ” అంటారు, అందులో కుట్ర ఏమీ లేదు. “ఇంటెన్షనల్లీ” అన్నది ఆన్ పర్పస్‌కే ఇస్త్రీ చొక్కా, కాగితం మీద రాసేది. “నోయింగ్లీ” అంటే తెలిసే చేశాడు, తీయాలన్న కోరిక ఉందో లేదో తెలియదు. పాత గ్రూప్ మూసేస్తే మీరు బయటపడతారని తెలుసు, అయినా మూసేశాడు. “విల్‌ఫుల్లీ” అంటే చేయకూడదన్న రూలు ఉందని తెలిసీ లెక్కచేయలేదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఋజువు చేయగలిగిన పదమే వాడాలన్నది నా సలహా. ఆయన మనసులో ఏముందో మీరు చూపించలేరు. తెలుసని మాత్రం పాత మెసేజ్‌లతో చూపించగలరు. అలాంటప్పుడు డెలిబరేట్లీ కన్నా నోయింగ్లీ గట్టిగా నిలబడుతుంది.

విల్‌ఫుల్‌కు బ్యాంకుల్లో పెద్ద పేరే ఉంది. పేపర్లలో ‘ఉద్దేశపూర్వక ఎగవేతదారు’ అని రాసేది విల్‌ఫుల్ డిఫాల్టర్ గురించే. రిజర్వు బ్యాంకు 2024 జులైలో తెచ్చిన నిబంధనల్లో రూ.25 లక్షలు, ఆపైన బకాయి ఉన్నవాళ్లకు ఈ ముద్ర వర్తిస్తుంది. కట్టే స్తోమత ఉండీ కట్టకపోవడం, తీసుకున్న అప్పును వేరేచోటికి మళ్లించడం, తనఖా పెట్టిన ఆస్తిని బ్యాంకుకు తెలియకుండా అమ్మేయడం లాంటివి చేసినవాళ్లు వీళ్లు. వ్యాపారం దెబ్బతిని కట్టలేకపోయినవాళ్లు డిఫాల్టర్లే గానీ విల్‌ఫుల్ కాదు.

వాలంటరీ మాత్రం పెద్ద బోల్తా కొట్టిస్తుంది. బయట వాలంటరీ అంటే స్వచ్ఛందం, వీఆర్‌ఎస్‌లో వి అదే. ఎవరూ బలవంతపెట్టకుండా తనంతట తాను. క్రిమినల్ చట్టంలో దానికి వేరే అర్థం ఉంది. 1860 నాటి ఐపీసీ 39వ సెక్షన్‌లో ఉన్న ఆ నిర్వచనం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత రెండో సెక్షన్‌లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక ఫలితాన్ని ఉద్దేశించి చేసినా వాలంటరీయే, అలా జరిగే అవకాశం ఉందని తెలిసి చేసినా వాలంటరీయే. పాత చట్టంలో ఇచ్చిన ఉదాహరణ ఇది: రాత్రిపూట, పెద్ద ఊళ్లో, మనుషులున్న ఇంటికి ఒకడు దోపిడీ సులువవుతుందని నిప్పు పెట్టాడు, ఒకరు చనిపోయారు. చంపాలన్న ఇంటెన్షన్ లేకపోవచ్చు, పోయినందుకు బాధపడి కూడా ఉండవచ్చు. అయినా ప్రాణం పోవచ్చని తెలుసు కాబట్టి చావుకు వాలంటరీగా కారణమైనట్టే. “వాలంటరీలీ కాజింగ్ హర్ట్” అన్న సెక్షన్ చూసి ‘స్వచ్ఛందంగా గాయపరచుట’ అని అనువదించేవాళ్లుంటారు. అది చదివితే సేవా కార్యక్రమంలా ఉంటుంది. ‘ఉద్దేశపూర్వకంగా లేదా తెలిసి’ అని విప్పి రాయడమే నయం.

కోరుకోకపోయినా తెలిసి చేసినదాన్ని కావాలని చేసినట్టు లెక్కేయడం చట్టానికి మాత్రమే ఉన్న అలవాటు కాదు. 2003లో జాషువా నోబ్ అనే అమెరికన్ పరిశోధకుడు మామూలు జనానికి ఒక చిన్న కథ చెప్పి అడిగాడు. కంపెనీ ఛైర్మన్ దగ్గరికి లాభం తెచ్చే పథకం వచ్చింది, దాంతో పర్యావరణానికి హాని. “నాకు దాంతో పనిలేదు, లాభం వస్తే చాలు” అని ఆయన ఒప్పుకున్నాడు. హాని ఇంటెన్షనల్లీ చేసినట్టేనా? 82 శాతం అవునన్నారు. అదే కథలో హాని తీసేసి మేలు అని పెడితే, మేలు ఇంటెన్షనల్లీ చేశాడన్నవాళ్లు 23 శాతమే. చెడు జరిగితే ‘కావాలనే’, మంచి జరిగితే ‘ఏదో అలా జరిగింది’. మన వీధి అరుగు మీద తీర్పులూ ఇలాగే ఉంటాయి కాబట్టి నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు.

పర్పస్‌లీ, పర్పస్‌ఫుల్లీ కలిపేయకండి. మొదటిది ఆన్ పర్పస్‌కు ఇంకో రూపం. రెండోది ఒక లక్ష్యంతో, చకచకా. “షి వాక్డ్ పర్పస్‌ఫుల్లీ అక్రాస్ ది రూమ్” అంటే ఎక్కడికి పోతున్నదీ తెలిసిన నడక. రెజ్యూమెలో పర్పస్‌లీ అని పడితే ఏదో తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది.

ఇక కావాలని చేయలేదని చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు. మనిషి బాధపడ్డ చోట “ఐ డిడ్‌న్ట్ మీన్ టు హర్ట్ యు”, అంతకు మించి వద్దు. “ఇట్ వాజ్ నాట్ మై ఇంటెన్షన్” అనగానే లాయర్ పక్కన కూర్చున్నట్టు వినబడుతుంది, క్షమాపణ చల్లారిపోతుంది. పని జరగలేదని రాసే మెయిల్‌లో అయితే అసలు ఉద్దేశాల ఊసే అక్కర్లేదు. గడువు దాటిపోయింది, మీరు కావాలని దాటించారని క్లయింట్ కూడా అనుకోవడం లేదు. “ఐ మిస్డ్ ది డెడ్‌లైన్. ఐ విల్ సెండ్ ఇట్ బై టెన్ టుమారో” అని రెండు వాక్యాలు రాసి, పదికి ముందే పంపించేయండి.